పంటి నొప్పికి లవంగ నూనె: కౌంటర్ లోపలి నుంచి ఒక రివ్యూ

లవంగ నూనె మీద ఆన్‌లైన్‌లో ఉన్న రివ్యూలు చదివితే రెండు రకాల వాళ్ళు కనిపిస్తారు. "రెండు నిమిషాల్లో నొప్పి పోయింది, సూపర్" అని ఐదు స్టార్లు ఇచ్చినవాళ్ళు కొందరు. "నోరు కాలింది, నొప్పి అలాగే ఉంది, డబ్బులు దండగ" అని ఒక్క స్టార్ పడేసినవాళ్ళు ఇంకొందరు. నాకు తెలిసినంతలో ఇద్దరూ నిజమే రాశారు. రాసేటప్పటికి తమ పన్ను ఏ స్థితిలో ఉందో మాత్రం ఇద్దరూ రాయలేదు. ఈ నూనె విషయంలో తేడా అంతా సీసాలో కంటే పన్నులోనే ఉంటుంది.

నేను భీమవరంలో ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టుని. పంటి నొప్పి వాళ్ళు మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది రాత్రి తొమ్మిది దాటాక. పగలంతా పనిలో పడి ఓర్చుకుంటారు, పడుకోగానే నొప్పి ఎక్కువై బండేసుకుని వచ్చేస్తారు. పడుకుంటే తలవైపు రక్తం ఎక్కువగా చేరి, వాచిన పంటి లోపల ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి రాత్రి నొప్పి నిజంగానే ఎక్కువ, వాళ్ళ ఊహేం కాదు. ఆ టైముకి పళ్ళ డాక్టర్లు షట్టర్ దించేసి ఉంటారు. "ఏదో ఒక డోసు ఇవ్వండి మేడం, పొద్దున్నే చూపించుకుంటాను" అంటారు. ఆ పొద్దున్న చాలామందికి రాదు. వారం తిరక్కుండా మళ్ళీ నా ముందే నిలబడతారు.

కంపెనీల పేర్లు రాయను. అన్నీ మా అరల్లో ఉండేవే. ఒకదాన్ని పొగిడితే అమ్ముకోడానికి రాశానంటారు, ఇంకోదాన్ని తిడితే ఆ కంపెనీ రిప్రజెంటేటివ్ నెలాఖరులో వచ్చి నా ముందు కూర్చుంటాడు.

ముందు సరుకు సంగతి. లవంగ నూనెలో పనిచేసే పదార్థం యూజినాల్. మంచి నూనెలో ముప్పాతిక వంతు పైనే అదే ఉంటుంది. పళ్ళ డాక్టరు గదిలో అడుగు పెట్టగానే ముక్కుకి తగిలే ఆ ఘాటు వాసన కూడా ఇదే. జింక్ ఆక్సైడ్ పొడిలో యూజినాల్ కలిపి తాత్కాలికంగా పన్ను పూడ్చే సిమెంటు చేస్తారు. కాబట్టి ఇది బామ్మల కాలం నాటి చిట్కా మాత్రమే అనుకోకండి, డాక్టర్ల టేబుల్ మీద ఇప్పటికీ ఉంది. మా ఆక్వా ప్రాంతం వాళ్ళకి ఇంకో సంగతి ఆసక్తిగా ఉండొచ్చు. చేపలకి మత్తు ఇవ్వడానికి కూడా ఇదే నూనె వాడతారు.

సీసా కొనేటప్పుడు లేబుల్ మీద లవంగ నూనె మాత్రమే ఉందా, వేరే నూనెలో కలిపారా చూసుకోండి. కలపడం తప్పు కాదు, నిజానికి నోటికి అదే మేలు. కానీ అచ్చమైన నూనె ధర తీసుకుని కలిపినది ఇస్తే మోసం. ఇంట్లో చూసుకోడానికి సులువైన దారి ఉంది. గాజు గ్లాసులో నీళ్ళు పోసి ఒక చుక్క వేసి పుల్లతో కాస్త కదపండి. లవంగ నూనె నీళ్ళ కంటే బరువు, అడుగుకి దిగుతుంది. కొబ్బరి నూనె, నువ్వుల నూనె పైనే తేలతాయి. మా దగ్గరున్న రకాల్లో చవకగా దొరికే ఒకటి హాయిగా పైన తేలుతూ కనిపించింది. తాజా నూనె లేత పసుపు రంగులో ఉంటుంది, గాలి, వెలుతురు తగిలేకొద్దీ ఎర్రబడి గోధుమరంగుకి తిరుగుతుంది. అందుకని ముదురు రంగు గాజు సీసాలో ఉన్నదే తీసుకోండి. ఇది కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది కూడా. ప్లాస్టిక్ మూత, లోపలి చుక్కల మూత కొన్నాళ్ళకి జిగురు జిగురుగా అయి, చుక్క పడాల్సిన చోట ధార పడుతుంది. ఎక్కువమంది నోరు కాలేది ఇక్కడే. ప్యాకింగ్‌కి నేను ఇచ్చే మార్కులు తక్కువే.

వాడే పద్ధతి కూడా సీసా మీద సరిగా రాయరు. "ప్రభావిత ప్రాంతంలో రాయండి" అని ఒక ముక్క ఉంటుంది, అంతే. మనవాళ్ళు ఏం చేస్తారంటే దూది ముంచి చిగురంతా రుద్దేస్తారు. యూజినాల్ చిగురు మీద, బుగ్గ లోపల చర్మం మీద నేరుగా పడితే తెల్లగా పాలిపోయి పొరలా ఊడుతుంది. ఒక చుక్క లవంగ నూనెకి నాలుగైదు చుక్కల కొబ్బరి నూనె కలిపి, అగ్గిపుల్ల తల అంత దూది ఉండ అందులో తడిపి, పిండేసి, పన్ను పుచ్చి గుంట పడిన చోట మాత్రమే పెట్టాలి. ఐదు, పది నిమిషాలు ఉంచి తీసేసి ఉమ్మేయాలి. మింగకూడదు. ఇలా పెట్టినప్పుడు, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనే పన్ను నిజంగానే నిమిషాల్లో నెమ్మదిస్తుంది. 2006లో కువైట్‌లో పరిశోధకులు లవంగాల జెల్‌నీ, నోటిని మొద్దుబార్చే 20 శాతం బెంజోకైన్ మందు జెల్‌నీ పెట్టి, నోట్లో సూది గుచ్చినప్పుడు ఎంత నొప్పి తెలుస్తుందో పోల్చి చూశారు. రెండూ దాదాపు సమానంగా పనిచేశాయి. ఖరీదైన జెల్ ట్యూబు పక్కన ఈ చిన్న సీసా తలదించుకోనక్కర్లేదు.

కానీ ఎంతసేపు? గంట, మహా అయితే ఇంకాస్త. ఆ తర్వాత మళ్ళీ మొదలు.

పన్ను లోపల సన్నటి గదిలో నరం, రక్తనాళాలు ఉంటాయి. పుచ్చు ఆ గది దాకా వెళ్ళనంతవరకు, లేదా అప్పుడే తాకినప్పుడు, నరం బతికే ఉంటుంది, మండిపడుతుంది. యూజినాల్ మొద్దుబార్చేది ఆ బతికున్న నరాన్నే. ఆన్‌లైన్‌లో ఐదు స్టార్లు ఇచ్చినవాళ్ళు ఈ దశలో ఉన్నవాళ్ళు. కొన్నాళ్ళకి క్రిములు లోపలికి దిగి నరం చచ్చిపోతుంది. అప్పుడు ఒక విచిత్రం జరుగుతుంది. చల్లనీళ్ళు తాగినా జివ్వుమనదు, స్వీటు తిన్నా తెలీదు. "దానంతటదే తగ్గిపోయిందండి" అని సంతోషంగా చెబుతారు. తగ్గింది నొప్పి చెప్పే నోరే. క్రిములు వేరు కొస దాకా వెళ్ళి, ఎముకలో చీము పోగవుతుంది. దాన్నే చీము గడ్డ అంటాం. అక్కణ్ణించి నొప్పి తీరు మారుతుంది. పన్ను కాస్త పైకి లేచినట్టు అనిపిస్తుంది, నమిలితే, వేలితో తడితే ప్రాణం పోతుంది, గుండె కొట్టుకున్నట్టు లోపల కొట్టుకుంటూ ఉంటుంది. ఈ దశలో పన్ను గుంటలో ఎంత నూనె పెట్టినా చీము ఉన్న చోటికి అది చేరదు, అది మొద్దుబార్చే పంటి నరం అప్పటికే చచ్చిపోయింది, ఇప్పుడు నొప్పి పుట్టేది వేరు చుట్టూ ఉన్న ఎముక దగ్గర. ఒక్క స్టార్ ఇచ్చినవాళ్ళు వీళ్ళు.

అందుకే నేను కౌంటర్‌లో అడిగే మొదటి ప్రశ్న: "ఇంతకుముందు ఈ నూనె పనిచేసిందా? ఇప్పుడు పనిచేయట్లేదా?" అదే పన్ను, అదే సీసా, పోయిన నెల తగ్గి ఈ నెల తగ్గకపోతే నూనె పాడైందని ఇంకో సీసా కొనకండి. మారింది పన్ను.

చిగురు మీద చిన్న పొక్కులా లేచి, పగిలి, నోట్లోకి చేదుగా, ఉప్పగా చీము వస్తే నొప్పి చప్పున తగ్గుతుంది. ఇది కూడా చాలామందిని నమ్మిస్తుంది. ఒత్తిడి తగ్గింది కాబట్టి నొప్పి తగ్గింది, వేరు కింద మూలం అలాగే ఉంది. ఆ పొక్కు మానుతూ, లేస్తూ ఏళ్ళ తరబడి ఉండొచ్చు. అలా ఏళ్ళు గడిపినవాళ్ళు ఉన్నారు కదా అనేవాళ్ళకి వానాకాలంలో నేను చూసిన కేసు చెబుతాను.

ఒక రాత్రి షాపు కట్టేసే ముందు ఒకావిడ వచ్చింది. ఊరి బయట రొయ్యల చెరువు దగ్గర ఆవిడ భర్త కాపలా, గట్టు మీద షెడ్డులోనే కాపురం. "లవంగ నూనె ఇంకో సీసా ఇవ్వండి" అంది. ముందుది అయిపోయిందా అని అడిగాను.

"అయిపోయిందండి. నొప్పి తగ్గిందంట గానీ మింగలేకపోతున్నాడండి, అన్నం వద్దంటున్నాడు."

నొప్పి తగ్గింది, మింగలేకపోతున్నాడు. ఈ రెండూ ఒకే మాటలో వినబడితే చేతిలో ఉన్న పని ఆపేయాలి. "మనిషెక్కడున్నాడమ్మా?" అంటే, బయట బండి మీద కూర్చున్నాడంది.

బయటికెళ్ళి చూశాను. తువ్వాలు దవడ కింద నుంచి నెత్తి మీదికి కట్టుకుని, ముందుకి వంగి కూర్చున్నాడు. తువ్వాలంతా చొంగతో తడిసిపోయింది. తుడుచుకోవడం లేదు కూడా, ఓపిక లేదు. "అన్నయ్యా, ఒకసారి నోరు తెరవండి" అన్నాను. ఒక వేలు పట్టేంత తెరవడానికే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. తువ్వాలు విప్పిస్తే గడ్డం కింద రెండు వైపులా వాపు, నొక్కినా లోపలికి పోనంత గట్టిగా. ఏదో చెప్పబోయాడు, వేడి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టు ఉంది గొంతు.

"రాత్రి పడుకుంటున్నాడా?"

"ఆయ్, ఎక్కడండి. గోడకానుకుని కూర్చునే ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడట్లేదంటాడండి."

నూనె ఇవ్వలేదు, 108కి ఫోన్ చేశాను. ఆవిడ ఒప్పుకోలేదు. తెల్లారి చెరువులో మేత వేయాలి, ఆసామికి చెప్పకుండా ఎలా వెళ్తాం, పొద్దున్న తీసుకెళ్తానండి అంటుంది. "మేత ఒకపూట ఆలస్యమైనా రొయ్యలు చావవమ్మా. ఈయనకి గొంతు మూసుకుపోతే మాత్రం పది నిమిషాలు కూడా టైముండదు" అన్నాను. గట్టిగానే అన్నాను. 108 బండి వచ్చేదాకా అతన్ని పడుకోనివ్వకుండా ముందుకి వంచి కూర్చోబెట్టాం.

చాలా రోజుల తర్వాత షుగర్ మాత్రలకి ఆవిడే వచ్చింది. గడ్డం కింద కోసి గొట్టాలు పెట్టి చీము తీశారట. కింది దవడ చివరి పన్ను పీకారు. అక్కడ రక్తం చూస్తే షుగర్ మూడొందలు దాటి ఉంది. అతనికి షుగర్ ఉందన్న సంగతే అప్పటిదాకా ఎవరికీ తెలీదు. షుగర్ అదుపులో లేని ఒంట్లో చీము చాలా త్వరగా పాకుతుంది, చీము ఉంటే షుగరూ దిగి రాదు, రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తాయి. అందుకే పన్ను వాపుతో వచ్చిన నలభై దాటినవాళ్ళకి గ్లూకోమీటర్‌తో ఒక చుక్క చూసుకోమని చెబుతాను.

అతనికి వచ్చినదాన్ని లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. గుండెకి వచ్చే ఆంజైనాతో దీనికి సంబంధం లేదు. 1836లో జర్మన్ డాక్టర్ విల్‌హెల్మ్ ఫ్రెడరిక్ ఫాన్ లుడ్విగ్ దీన్ని వర్ణించాడు కాబట్టి ఆయన పేరు. కింది దవడలో వెనక పళ్ళ వేర్లు లోతుగా ఉంటాయి. నోటి అడుగున పరుచుకుని ఉండే కండరం దవడకి అతుక్కున్న చోటు కంటే కిందికి ఆ వేర్ల కొసలు దిగి ఉంటాయి. కాబట్టి అక్కడ పుట్టిన చీముకి నోట్లోకి దారి దొరక్కపోతే గడ్డం కిందికి, మెడలోకి దిగుతుంది. రెండు వైపులా వాచి నాలుకని పైకి, వెనక్కి నెడుతుంది. ప్రాణం తీసేది చీము కంటే ముందు ఊపిరి ఆడకపోవడం. యాంటీబయాటిక్స్ లేని కాలంలో దీంతో సగానికి పైగా చనిపోయేవారు.

పై పళ్ళ దారి వేరు. కోర పన్ను దగ్గర మొదలైన చీము బుగ్గ మీదుగా కంటి కిందికి వస్తుంది. పొద్దున్న లేచేసరికి కన్ను సగం మూసుకుపోయి ఉంటుంది. అక్కడి రక్తనాళాలకి మెదడు దాకా దారి ఉంది. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలో 2007లో పన్నెండేళ్ళ పిల్లాడు ఇలాగే పుచ్చు పన్ను చీము మెదడుకి పాకి చనిపోయాడు. రెండు ఆపరేషన్లు చేసినా దక్కలేదు. బీమా లేక, చూసే డెంటిస్టు దొరక్క ఆలస్యమైన ఆ కేసు మీద అక్కడ పెద్ద చర్చే జరిగింది. పన్నుతో ప్రాణం పోతుందా అని నవ్వేవాళ్ళకి నేను దీన్నే చెబుతాను.

ఇక్కడ నెమ్మదిగా చదవండి. బుగ్గ ఒకవైపు కాస్త వాచి, జ్వరం లేకుండా, నోరు మామూలుగా తెరుచుకుంటూ, మింగగలుగుతుంటే ఆ రాత్రి గడపొచ్చు, మర్నాడు డెంటిస్టు దగ్గర ఉండాలి. వాపు కంటి దాకా ఎక్కినా, దవడ అంచు దాటి గడ్డం కిందికో మెడ మీదికో దిగినా, పొద్దుటికీ సాయంత్రానికీ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నా ఇక మర్నాటి దాకా ఆగకూడదు. నోరు తెరవడం మీరే చూసుకోవచ్చు. మీ చేతి వేళ్ళు మూడు నిలువుగా పట్టాలి, రెండు కూడా పట్టకపోతే చీము నమిలే కండరాల దగ్గరికి చేరిందని అనుమానించాలి. చలితో వణికిస్తూ జ్వరం, ఊరికే కూర్చున్నా గుండె దడ, మనిషి మగతగా ఉండడం, అడిగినదానికి పొంతన లేకుండా జవాబివ్వడం ఉంటే క్రిములు రక్తంలోకి వెళ్ళాయేమో అన్న భయం ఉండాలి. తలనొప్పితో మెడ బిగుసుకున్నా, ఒకటి రెండుగా కనిపించినా అంతే. ఇక ఉమ్ము మింగలేక కారిపోతున్నా, గొంతు మారినా, నాలుక పైకి లేచినట్టున్నా, పడుకుంటే ఊపిరాడకపోయినా డెంటల్ క్లినిక్ కోసం వెతకొద్దు, మందుల షాపుకి అసలే రావద్దు. నేరుగా 108, పెద్దాసుపత్రి ఎమర్జెన్సీ. నొప్పి ఎంత ఉందన్నది ఈ లెక్కలో లేదని గమనించండి. ఆ చెరువు కాపలా మనిషికి నొప్పి తగ్గిందట.

లవంగ నూనెకి పోటీగా ఇళ్ళలో ఉన్న సరుకు గురించి కూడా ఒక మాట. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించడం మంచిదే, దానికి నా దగ్గర ఫిర్యాదు లేదు. ఇంగువ పెట్టడం వల్ల పెద్ద నష్టం లేదు, పెద్ద లాభమూ లేదు. జిల్లేడు పాలు మాత్రం దయచేసి వద్దు, చిగురు కాలి పుండు పడుతుంది. నొప్పి బిళ్ళని పొడి చేసి పన్ను పక్కన అదిమి పెట్టుకోవడం కూడా అంతే, ఆస్పిరిన్ చిగురుని కాల్చేస్తుంది. బిళ్ళ మింగితేనే పనిచేస్తుంది. నేలవాకుడు గింజల పొగ పట్టి పురుగులు రాల్చేవాళ్ళు మా వైపు పల్లెల్లో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. పంట్లో పురుగులుండవు, వాళ్ళు చూపించేవి ఎక్కడివో వాళ్ళకే తెలియాలి. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఉప్పు మూట కాపడం. వాచిన దవడకి బయటి నుంచి వేడి పెడితే చీము బయటి చర్మం వైపు దారి వెతుక్కునే ప్రమాదం ఉంది. బుగ్గ మీద మానని రంధ్రం, మచ్చ మిగులుతాయి. వేడి కావాలంటే నోటి లోపల, ఉప్పునీళ్ళతో. బయట చల్లని గుడ్డ పెట్టుకోండి.

నూనె తర్వాత అందరూ అడిగేది "చీముకి బిళ్ళ". స్ట్రిప్పు వెనక నిలువునా ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని అర్థం. మేం ఇవ్వకపోతే పక్క వీధిలో ఇస్తారని నాకూ తెలుసు. అయినా విషయం చట్టం ఒక్కటే కాదు. చచ్చిపోయిన పంటి లోపలికి రక్తం వెళ్ళదు, రక్తం వెళ్ళని చోటికి మాత్రలోని మందూ సరిగా వెళ్ళదు. నాలుగు బిళ్ళలు వేసుకుంటే చుట్టూ ఉన్న వాపు దిగుతుంది, మూలం మిగులుతుంది, నెల తర్వాత ఆ మందుకి లొంగని క్రిములతో మళ్ళీ వస్తుంది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన సూచన కూడా ఇదే తరహాలో ఉంది. మామూలు ఆరోగ్యం ఉన్న పెద్దవాళ్ళకి పన్ను దగ్గరే ఉన్న చీముకి ముందు పంటి వైద్యం చేయాలి, యాంటీబయాటిక్ ప్రతివాళ్ళకీ అక్కర్లేదు. జ్వరం, పాకుతున్న వాపు ఉంటే అప్పుడు మందూ కావాలి. కోసి చీము తీయడం, రూట్ కెనాల్ చేయడం, లేదా పన్ను పీకేయడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి జరగనిదే కథ ముగియదు. నొప్పి మాత్రలు కూడా ఖాళీ కడుపు మీద, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, రోజుల తరబడి మింగేవి కావు. కీటోరోలాక్ రకం బిళ్ళలు ఐదు రోజులు దాటకూడదు. మా ఊళ్ళో కొందరు నెలకోసారి షీటు షీటు పట్టుకెళ్తారు.

"వాపు ఉండగా పన్ను పీకకూడదంట కదండి" అని అడుగుతారు. వాపు తగ్గేదాకా ఆగాలా వద్దా అన్నది డాక్టరు చూసి చెప్పే మాట. చీము పెరుగుతుంటే మూలమైన పన్నుని తొందరగా తీసేయడమే చాలాసార్లు మేలు. చీము ఉన్న చోట ఆమ్ల గుణం ఎక్కువగా ఉండి మత్తు సూది సరిగా పట్టదు. అందుకని కాస్త దూరంగా, నరం మొదట్లో ఇస్తారు. భయపడి పారిపోకండి, ముందే అడగండి. "పై పన్ను పీకితే చూపు పోతుంది" అనేదానికి మాత్రం జవాబు ఒకటే, పోదు. పీకించుకోకుండా చీముని కంటి దాకా ఎక్కనిస్తే అప్పుడు చూపుకి ప్రమాదం.

డబ్బుల సంగతి వస్తే, నూనె సీసా చవక, డెంటిస్టు ఖరీదు అని లెక్కేసుకుంటారు. రూట్ కెనాల్, పైన క్యాప్ అంటే వేలల్లోనే అవుతుంది, నిజమే. కానీ పన్ను ఎక్స్‌రే తీయించి, చీము బయటికి పంపించుకోవడానికి అంత అవ్వదు. మా ఊళ్ళో డెంటల్ కాలేజీ ఉంది, చాలా ఊళ్ళలో దగ్గర్లో ఒకటి ఉంటుంది. అక్కడ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, బయటి కంటే తక్కువే అవుతుంది, టైము మాత్రం ఎక్కువ పడుతుంది. పొద్దున్నే ఓపీ చీటీ రాయించుకుంటే నయం. గర్భిణులు "ఇప్పుడు పన్ను ముట్టుకోకూడదు" అని నెలలు దాటించేస్తుంటారు. చీముతో ఉండడం కంటే చూపించుకోవడమే బిడ్డకి క్షేమం, కడుపుతో ఉన్నానని డాక్టరుకి చెబితే చాలు.

ఇక మార్కులు. పుచ్చు పన్ను జివ్వుమంటున్నప్పుడు, రాత్రి పూట, డెంటిస్టు దొరికేదాకా గడవడానికి లవంగ నూనె: ఐదుకి నాలుగు. ప్యాకింగ్, లేబుల్: ఒకటిన్నర, ఆ సగం కూడా గాజు సీసాకే. వాపుకి, చీముకి, జ్వరానికి: సున్నా. కొనేవాళ్ళు చిన్న సీసానే కొనండి, పెద్దది చవకని తీసుకుంటే మూత కరిగేలోపు అవ్వదు. పాలపళ్ళు వచ్చే పిల్లల చిగుళ్ళకి రాయకండి. సీసా వాళ్ళకి అందే ఎత్తులో ఉంచకండి. ఐదు, పది ఎంఎల్ తాగేసిన రెండేళ్ళ పిల్లాడు కోమాలోకి వెళ్ళిన కేసు వైద్య పత్రికల్లో ఉంది, కాలేయం దెబ్బతింది. మసాలా వాసన కదా, ఏమవుతుందిలే అనుకునే సరుకు కాదు ఇది.

మా షాపులో ఈ సీసా అడిగితే ముందు నూనె గురించిన ప్రశ్న, తర్వాత వాపుందా, నోరు తెరుచుకుంటుందా, మింగుతున్నారా, షుగరుందా అని అడిగాకే ఇస్తాను. చాలామంది విసుక్కోకుండా చెబుతారు. ఒకాయన మాత్రం "లవంగ నూనెకి కూడా ఇంటర్వ్యూయేంటి మేడం" అని పక్క షాపుకి వెళ్ళిపోయాడు. అక్కడా అదే సీసా, అదే రేటు.